శిలలు చెప్పని సంఘ చరిత్రము

సంఘ చరిత్రము వ్రాయబూనినవారు సాధారణముగా మూడు ఆధారములను వెదకుదురు. సంఘపు పుస్తకములు మొదటివి, పెద్దల ఉత్తరములు రెండవవి, సమాధులపై చెక్కిన వ్రాతలు మూడవవి. పుస్తకములను చెదలు తినవచ్చును. ఉత్తరములు అగ్నిపాలు కావచ్చును. రాయి మాత్రము నిలుచునని మనకొక నమ్మకము గలదు. ఈ నమ్మకము సగము మాత్రమే నిజమని నా అభిప్రాయము. రాయి నిలుచును గాని, దానిని పెట్టించుకొనగలిగిన వారి కొఱకే నిలుచును. రాళ్ళను మాత్రమే నమ్మి చరిత్ర వ్రాసినయెడల కలవారి చరిత్రను వ్రాసినవారమగుదుము గాని, సంఘ చరిత్రను వ్రాసినవారము కాజాలము. అమెరికా దేశమందలి వర్జీనియా రాష్ట్రపు బాప్టిస్టుల చరిత్రయు, అచ్చటి శ్మశానముల చరిత్రయు ఇందుకు తగిన దృష్టాంతములు. వానిని మన విద్యార్థులు తెలిసికొనుట మేలని తోచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

18వ శతాబ్దమున వర్జీనియా ఇంగ్లండు రాజుయొక్క ఏలుబడిలో నుండెను. అచ్చట ఆంగ్లికను సంఘమే ప్రభుత్వ సంఘము. ఆ సంఘమునకు చెందనివారు సైతము దాని పాదిరుల జీతమునకై పన్ను చెల్లింపవలసియుండెను. ఇతర సంఘముల బోధకులు దొరతనమువారి అనుమతి పత్రము లేనిదే బోధింపరాదు. ఇట్టి కాలమున, అనగా 1755లో, షూబల్ స్టెర్న్స్ అను బోధకుడు ఉత్తర దేశమగు న్యూ ఇంగ్లండు ప్రాంతమునుండి తరలివచ్చి, ఉత్తర కరొలీనాలోని శాండీ క్రీక్ అను చోట నొక బాప్టిస్టు సంఘమును స్థాపించెను. అక్కడనుండి బయలుదేరిన బోధకులు వర్జీనియా పల్లెలలో ప్రవేశించి, పొలములలోను, చెట్ల క్రిందను, ఎవరు చోటిచ్చిన వారి లోగిళ్ళలోను బోధింపసాగిరి. బోధించుటకు పిలుపు దేవునివలన కలుగవలయును గాని దొరతనమువారి కాగితమువలన కాదని వారిలో ననేకులు అనుమతి పత్రమును అడుగుటకే నిరాకరించిరి.

దాని ఫలమును వారనుభవించిరి. 1768 జూన్ నెలలో జాన్ వాలర్, లూయిస్ క్రెయిగ్, జేమ్స్ చైల్డ్స్ అను ముగ్గురు బోధకులు స్పాట్సిల్వేనియా జిల్లాలో పట్టుబడి, ఫ్రెడరిక్స్‌బర్గు చెరసాలలో నుంచబడిరి; వాలరు అచ్చట 43 దినములుండెను. వారు చెరసాల కిటికీ చువ్వల సందునుండి వెలుపల కూడిన జనులకు బోధించిరి. కల్పెపరు చెరసాలలో నుంచబడిన జేమ్స్ ఐర్లాండును అట్లే చేసెను. ఈ బాధలు వృథా కాలేదు. బాప్టిస్టులును ఇతర సంఘములవారును శాసనసభకు విన్నపము వెంట విన్నపము పంపిరి. 1776లో వర్జీనియా హక్కుల ప్రకటనలో మతస్వాతంత్ర్యము అంగీకరింపబడెను. థామస్ జెఫర్సను వ్రాసిన మతస్వాతంత్ర్య శాసనమును జేమ్స్ మాడిసను పట్టుదలతో 1786లో శాసనసభచేత నెగ్గించెను. మనస్సాక్షిని రాజు గాని, సభ గాని బలవంతపెట్టరాదను న్యాయము అంతటినుండి లోకములో నొక బలమైన సాక్ష్యమును సంపాదించుకొనెను. ఇంతవరకు ఈ కథ ఏ బాప్టిస్టునకైనను సంతోషము కలిగించునదే.

అయితే ఈ ధీరుల సమాధులెక్కడ? ఆ కాలమున దేవాలయ ప్రాంగణములు ఆంగ్లికను సంఘమువారివి. బాప్టిస్టులనేకులు తమ తమ పొలములలోనే తమవారిని పాతిపెట్టుకొనిరి. వర్జీనియా తూర్పు భాగము సముద్రపు ఒండ్రుచే నేర్పడిన పల్లపు నేల. అచ్చట చెక్కుటకు యోగ్యమైన రాయి దొరకదు. ధనవంతులు దూరమునుండి ఓడలమీద రాయి తెప్పించుకొనిరి. తక్కినవారు కొయ్యపలకలు నాటిరి. అవి ఒక తరములోనే పుచ్చిపోయెను. పైగా బోధకులలో ననేకులు ఒకచోట నిలువలేదు. లూయిస్ క్రెయిగ్ 1781లో తన సంఘస్థులను వెంటబెట్టుకొని కొండలు దాటి కెంటకీ దేశమునకు పోయెను. మతస్వాతంత్ర్యము కొఱకు పాటుపడిన జాన్ లీలండు తన స్వదేశమైన మసాచుసెట్సుకు మరలిపోయి, 1841లో మృతినొంది, చెషైరు గ్రామములో సమాధి చేయబడెను. అయినను వీరి పేళ్ళు పుస్తకములలో నిలిచినవి. 1810లోనే రాబర్టు సెంపుల్ అను బోధకుడు వర్జీనియా బాప్టిస్టుల చరిత్రను అచ్చువేయించెను. కావున వారి సమాధులకు రాయి లేకున్నను నష్టము కొంచెమే.

పుస్తకములోను పేరు సరిగా లేక, నేలమీదను రాయి లేక పోయినవారి మాట వేరు. వారు ఆఫ్రికా సంతతివారైన బానిసలు. వర్జీనియా బాప్టిస్టు సంఘములలో వారు మొదటినుండియు నుండిరి. అనేక సంఘములలో వారే అధిక సంఖ్యాకులు. 1790లో వర్జీనియా బాప్టిస్టుల ప్రతినిధి సభ జాన్ లీలండు ప్రేరణచే, బానిసత్వము ప్రకృతి సిద్ధమైన హక్కులను బలాత్కారముగా హరించునదని తీర్మానించెను. ఎంత మంచి ఆరంభము! కాని మూడు సంవత్సరములైన తరువాత, 1793లో, ఆ విషయము శాసనసభకు సంబంధించినదని చెప్పి ఆ సభయే దానిని విడిచిపెట్టెను. తమ మనస్సాక్షి విషయములో శాసనసభకు జోక్యము లేదని చెరసాలకు పోయిన జనులే, తమ సహోదరుల శరీరముల విషయమును శాసనసభకు అప్పగించి చేతులు కడుగుకొనిరి. సంఘ చరిత్రములో దీనికంటె విచారకరమైన మలుపును నేనెరుగను.

ఈ సహోదరులు ఏమి చేసిరో విలియమ్స్‌బర్గు పట్టణమునందలి ఫస్టు బాప్టిస్టు సంఘ చరిత్రవలన తెలియును. ఆ సంఘము తన ఆరంభమును 1776గా చెప్పుకొనుచున్నది. బానిసలును, కొందరు స్వతంత్రులైన నల్లవారును, రాత్రివేళ తోటలలో చెట్టుకొమ్మలతో పందిరివేసికొని రహస్యముగా ప్రార్థించుచుండిరి. వారి మొదటి బోధకుడు మోజెస్. కూటములు జరిపినందులకు ఇతడు పలుమారులు పట్టుబడి కొరడా దెబ్బలు తినెనని సెంపులే వ్రాసియున్నాడు. మోజెస్ తరువాత వచ్చినవాడు గోవన్ పాంఫ్లెట్. ఇతడు ఒక పూటకూళ్ళ యింటిలో పనిచేయు బానిస. నల్లవారు బోధింపరాదని బాప్టిస్టుల మండలి సభయే ఆజ్ఞాపించినను అతడు బోధించుట మానలేదు. 1791లో ఆ సంఘము డోవరు మండలి సభలో చేర్చుకొనుడని అడిగినప్పుడు దాని సభ్యులు సుమారు 500 మంది. 1793లో సభవారు దానిని చేర్చుకొనిరి. ఆ సంవత్సరమే పాంఫ్లెటునకు దాస్యవిముక్తి కలిగెను. వాలరునకు చెరసాల 43 దినములు. మోజెసునకును పాంఫ్లెటునకును దేశమంతయు చెరసాలయే. ఎవరి ధైర్యము గొప్పదో విద్యార్థులే ఆలోచించుకొందురు గాక.

ఈ సంఘమునకు జెస్సీ కోల్ అను తెల్లవాడు నాసో వీధిలో తన బండ్లసాల నిచ్చెనని వారి సంఘములో చెప్పుకొందురు. 1818 నాటికి అక్కడ బాప్టిస్టు మందిరముండినట్లు పన్నుల లెక్కలలో నున్నది. 1834లో సుడిగాలి దానిని పడగొట్టెను. 1856లో అదేచోట ఇటుకలతో రెండవ మందిరము కట్టబడెను. నూరేండ్లైన పిమ్మట, విలియమ్స్‌బర్గు పట్టణమును 18వ శతాబ్దమునందున్నట్లే పునరుద్ధరింప బూనిన సంస్థ ఆ స్థలమును కొనెను, మందిరము పడగొట్టబడెను, 1956లో సంఘము స్కాట్లండు వీధిలోని క్రొత్త మందిరమునకు మారెను. కాలక్రమమున ఆ పాతస్థలము మోటారుబండ్లు నిలుపు తారునేల యాయెను. ఇందలి వింతను గమనింపుడు. ఆ పట్టణములో గవర్నరు మందిరమును, పూటకూళ్ళ యిండ్లను, చివరకు గుఱ్ఱపు సాలలను సైతము పూర్వమువలె కట్టి నిలిపిరి. పట్టణపు జనులలో సగముకంటె నెక్కువమంది నల్లవారై యుండిన ఆ కాలపు ప్రతిబింబములో, వారు స్వయముగా స్థాపించుకొనిన సంఘమునకు మాత్రము చోటు చిక్కలేదు.

2020 సెప్టెంబరులో, సంఘస్థులును ఆ పూర్వికుల సంతతివారును కోరగా, ఆ సంస్థయే అచ్చట త్రవ్వకము మొదలుపెట్టెను. 1856 నాటి కట్టడపు పునాదుల క్రింద, 16 అడుగుల వెడల్పును 20 అడుగుల పొడవునుగల మొదటి మందిరపు పునాది బయల్పడినట్లు 2021లో ప్రకటించిరి. అంతకంటె ముఖ్యమైనది మరియొకటి. ఒకసారి త్రవ్వి పూడ్చిన మన్ను చుట్టుప్రక్కల మన్నుతో ఎన్నటికిని సరిగా కలియదు. దాని రంగు వేరుగా నుండును. అట్టి నిలువుచదరపు గుర్తులు అరువదికి మించి అక్కడ కనబడినవి. అవన్నియు సమాధులు. వానిలో నొకదానికి తప్ప గుర్తు లేదు; ఆ యొక్క గుర్తును తలక్రిందుగా పాతిన ఖాళీ సారాయి సీసా! రాయి కొనలేనివారు తమవాని తలదాపున ఉంచగలిగినది అదియే. పూర్వికుల సంతతివారి అనుమతి పొందిన తరువాతనే మూడు సమాధులు పరీక్షింపబడినవి. ఎముకల పరీక్షవలనను, డి.ఎన్.ఏ. పరీక్షవలనను వారు ఆఫ్రికా సంతతి పురుషులని 2023లో వెల్లడియాయెను. వారిలో నొకడు ఇరువది యేండ్లు నిండని యువకుడు. వారి పేళ్ళు ఏ పరీక్షయు చెప్పలేదు.

ఇది యొక్క పట్టణపు మాట కాదు. రిచ్మండు నగరములోని ఫస్టు బాప్టిస్టు సంఘము 1780లో స్థాపింపబడెను. 1841లో తెల్లవారు క్రొత్త మందిరమునకు పోగా, పాత మందిరములో ఫస్టు ఆఫ్రికను బాప్టిస్టు సంఘము ఏర్పడెను. 1831లో నాట్ టర్నరు నడిపిన బానిసల తిరుగుబాటు తరువాత నల్లవారు బోధించుట శాసనముచే నిషేధింపబడినందున, రాబర్టు రైలండు అను తెల్లదొర దానికి కాపరిగా నుండెను; 1867లో గాని జేమ్స్ హోమ్స్ అను నల్లజాతి కాపరి వారికి లభింపలేదు. అట్టి జనులు ఎక్కడ పాతిపెట్టబడిరి? షాకో కొండపై 1816 మొదలు 1879 వరకు నడచిన శ్మశానములో ఇరువది రెండు వేలకు మించినవారు పూడ్చబడిరని అంచనా. దానిపై నుండి రైలుమార్గమును, పెద్ద రాజబాటయు వేయబడినవి. దానికంటె పురాతనమైన మరియొక శ్మశానము చాలకాలము బండ్లు నిలుపు స్థలముగా నుండి, 2011లో మాత్రమే ఆ తారు తొలగింపబడెను. అదే నగరమందలి హాలీవుడ్ శ్మశానములో అంతర్యుద్ధమున దక్షిణ పక్షమున పోరి చచ్చిన సైనికుల జ్ఞాపకార్థము 1869లో 90 అడుగుల రాతి గోపురము లేచెను. ఆ పక్షపు సైనికుల సమాధుల పోషణమునకు రాష్ట్ర ధనము అనేక దశాబ్దములు వ్యయమైనది. రిచ్మండులోని నల్లవారి చారిత్రక శ్మశానములకు అట్టి సహాయమొసగు శాసనము 2017లో గాని రాలేదు. అంతవరకు అవి ముండ్ల తీగలు క్రమ్మి అడవులై యుండినవి; ఫస్టు ఆఫ్రికను సంఘ సభ్యురాలును, తన దేశములో బ్యాంకు స్థాపించిన వనితలలో అగ్రగణ్యురాలును అగు మ్యాగీ వాకరు సమాధిగల ఎవర్‌గ్రీను శ్మశానమునకు సైతము ఆ గతియే పట్టెను.

ఇక ఆక్షేపణలను విచారింతము. మొదటిది భక్తుల ఆక్షేపణ. మృతులు ప్రభువునందు నిద్రించుచున్నారు. పునరుత్థాన దినమున ఆయన వారిని పిలుచుటకు రాతిమీది పేరు అవసరము లేదు. నీతిమంతుల గోరీలను అలంకరించువారిని ప్రభువే గద్దించెను గదా యని కొందరందురు. ఇది మంచి మాటయే. కాని ప్రభువు గద్దించినది గోరీలు కట్టినందుకు కాదు. తండ్రులు చంపినవారిని కుమారులు గోరీలలో పొగడుచు, తాము తండ్రుల త్రోవనే నడచుచున్నందుకు. మృతులకు రాయి అక్కరలేదు, నిజమే. అక్కర బ్రదికియున్నవారికి. అబ్రాహాము తన భార్యను పాతిపెట్టుటకు నాలుగు వందల తులముల వెండి తూచి యిచ్చి మక్పేలా గుహను కొనెను. అయాచితముగా నిచ్చెదమన్నను పుచ్చుకొనలేదు. పరదేశికి ఆ దేశములో మొదటి హక్కుభుక్తము సమాధి స్థలమే. సమాధిలేని జనులను ఈ నేల మీది కాదనుట సులభము.

రెండవది లోకజ్ఞుల ఆక్షేపణ. నేల బ్రదికియున్నవారికే చాలకున్నది. చచ్చినవారి కొఱకు ఎంత విడిచిపెట్టగలము? పట్టణములు పెరుగుననియు, బాటలు వేయవలయుననియు నేనును ఒప్పుకొందును. కాని బాట ఎవరి సమాధులమీదుగా పోవునో, ఎవరి సమాధులను తప్పించుకొని పోవునో విచారింపుడు. హాలీవుడ్ శ్మశానము నడుమ బాట వేయుటకు ఎవరికిని తోచలేదు. కొరత నేలలో లేదు, లక్ష్యములో నున్నది.

మూడవది సంఘ పెద్దల ఆక్షేపణ. పాత అవమానములను త్రవ్వి తీయుటవలన సంఘములో కలతలు పుట్టుననియు, మంచినే చెప్పుట మేలనియు వారందురు. విలియమ్స్‌బర్గులో ఏమి జరిగెనో చూడుడు. త్రవ్వుటకు ముందు అవమానము లేకపోలేదు. తారు క్రింద నుండెను. పడగొట్టి కప్పిన సంస్థయే సంఘస్థులతో కూర్చుండి, వారి మాట వినుచు త్రవ్వెను. బానిసత్వము విషయమై 1845లో వేరైన దక్షిణ బాప్టిస్టు మహాసభ 1995లో తమ పూర్వుల తప్పిదమును తీర్మాన రూపమున ఒప్పుకొని క్షమాపణ వేడెను. నూట ఏబది యేండ్లు పట్టిన మాట అది. ముందే పలికియుండిన ఎన్ని తరముల గాయము మానియుండునో! పాపపు ఒప్పుకోలు ఒక్కొక్క మనుష్యునికి రక్షణార్థమైనయెడల సంఘమునకు మాత్రము హాని యెట్లగును?

ఈ కథ మనకు దూరపుదని తలపవలదు. 1815లో రిచ్మండు నల్లజాతి బాప్టిస్టులు ఒక మిషనరీ సంఘమును స్థాపించి, అమెరికా బాప్టిస్టుల మిషనరీ మహాసభతో కలిసి పనిచేసిరి. పొగాకు గిడ్డంగిలో కూలిచేసి, కూడబెట్టిన సొమ్ముతో తన్ను తాను బానిసత్వమునుండి కొనుక్కొనిన లాట్ కేరీ అను నతనిని 1821లో ఆఫ్రికాకు సువార్తికునిగా పంపిరి. అతడు 1828లో లైబీరియాలో మృతినొందెను. ఆ మహాసభయే 1835లో శామ్యూల్ డే దొరగారిని తెలుగువారియొద్దకు పంపెను. ఆయన 1840లో నెల్లూరు చేరెను. 1845లో దక్షిణమువారు వేరుపడగా తెలుగు మిషను ఉత్తరమువారి పక్షమున నిలిచెను. అనగా మన మిషనుకు తల్లియైన సభ, మిషనరీ బానిసలను కలిగియుండవచ్చునా లేదా యను ప్రశ్నమీదనే రెండు ముక్కలైనదన్న మాట. డే దొరగారి పేరు మనకు తెలియును. జ్యూయెట్, క్లౌ దొరగార్ల పేళ్ళు తెలియును. ఆ దినములలో ఒకే సభ నీడను దమ్మిడీ దమ్మిడీగా కానుక వేసిన బానిస స్త్రీపురుషుల పేళ్ళు మనకు తెలియవు. ఆ ఋణమును తీర్చుటకు వారి సమాధులమీద మనము రాయి నాటలేము. కాని మన సంఘ చరిత్రను చెప్పునప్పుడు వారిని విడిచిపెట్టకుండ చెప్పగలము.

విద్యార్థులారా, చరిత్ర పాఠములో మీరు ఒక గొప్ప కట్టడమును గూర్చి చదువునప్పుడు, దానిని కట్టినవారు ఎక్కడ పండుకొనియున్నారని అడుగుడు. తలిదండ్రులారా, మీ కుటుంబములో మొదట బాప్తిస్మము పొందినవారెవరో, వారినెక్కడ పాతిపెట్టిరో మీ పిల్లలకు చెప్పుడు. చెప్పి, కాగితముమీద వ్రాయించుడు. నోటిమాట ఒక తరములో మాసిపోవును. సంఘ పెద్దలారా, సభ్యుల పుస్తకమును చెదలకు విడువక రెండు ప్రతులు వ్రాయించి రెండుచోట్ల నుంచుడు. రాయి పెట్టించుటకు ధనము కావలయును. పేరు వ్రాయుటకు ఒక కలమును కొంచెము శ్రద్ధయు చాలును. విలియమ్స్‌బర్గు సంఘస్థులకు 1886 నుండి ఒక గంట గలదు. అది చిరకాలము మ్రోగకయుండి, బాగుచేయబడి, 2016లో వాషింగ్టను నగరమునకు కొనిపోబడి, ఆఫ్రికా సంతతి అమెరికనుల చరిత్రకై కట్టిన జాతీయ ప్రదర్శనశాల ప్రారంభ దినమున మ్రోగెను. దానిని మ్రోగించినవారిలో దేశాధ్యక్షుడును, బానిసగా పుట్టిన వాని కుమార్తెయగు తొంబది తొమ్మిదేండ్ల వృద్ధురాలును ఉండిరి. తలక్రిందు సీసా తప్ప గుర్తులేని ఆ జనుల సంఘపు గంట దేశమంతటికి వినబడినది. వారి సంతతివారు మరువక యుండుటచేతనే అది జరిగెను. మనమును మన వారిని మరువకుందుము గాక.